హెచ్‌యూఎస్ బాబుకి డయాలసిస్ మధ్యలో మళ్లీ జ్వరం, ఎవరికైనా ఇలా అయిందా?

చిన్నూ అమ్మ, ఖమ్మం
మా బాబుకి నాలుగేళ్లు. రక్త విరేచనాలతో మొదలైంది, తర్వాత మొహం ఉబ్బి యూరిన్ ఆగిపోయింది. ప్లేట్‌లెట్లు తగ్గాయని ముందు డెంగ్యూ అన్నారు. హైదరాబాద్‌లో పిల్లల కిడ్నీ డాక్టరు గారు స్మియర్‌లో (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) ఎర్రకణాలు ముక్కలైపోయి ఉన్నాయని చూసి హెచ్‌యూఎస్ అని, అంటే ఎర్రకణాలు పగిలి, ప్లేట్‌లెట్లు తగ్గి, కిడ్నీలు దెబ్బతినే జబ్బని తేల్చారు. పొట్టలో ట్యూబు వేసి డయాలసిస్ చేస్తున్నారు. యూరిన్ కాస్త మొదలైందని సంతోషించేలోపు నిన్న రాత్రి నుంచి జ్వరం. ఇది ఆ జబ్బు వల్లేనా, వేరే ఏదైనా పట్టుకుందా?

బెజవాడ నాన్న
అమ్మా, ముందు డయాలసిస్ చేశాక పొట్టలోంచి బయటికొచ్చే నీళ్ల బ్యాగు చూడండి. మామూలుగా దాని కింద పేపరు పెడితే అక్షరాలు చదవగలం. మా పాపకి ఒకరోజు పొద్దున బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది. పొట్ట ముట్టుకోనివ్వలేదు. పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్ అన్నారు. బ్యాగు పారేయనివ్వకండి, అందులోంచే శాంపిల్ తీస్తారు.

డయాలసిస్ సిస్టర్, విశాఖ
అన్నయ్య గారు చెప్పింది నిజం. ఆ నీళ్లలో తెల్లకణాలు మైక్రోలీటరుకి 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే రకం తెల్లకణాలు) ఉంటే, ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతాం. బ్యాగు తేటగా ఉంటే ఊపిరితిత్తులు, యూరిన్, చేతి కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) చూడాలి. మెడ దగ్గర రక్తనాళంలో డయాలసిస్ లైన్ ఉన్న పిల్లలకి మెషీన్ పెట్టగానే చలి, వణుకు వస్తే లైన్‌కే ఇన్ఫెక్షన్ అని అనుమానిస్తాం.

హెచ్‌యూఎస్ కిడ్నీతో ఆగదు. బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. పాంక్రియాస్ దెబ్బతిని షుగర్ పెరగొచ్చు. పేగు కుళ్లి చిల్లు పడే ప్రమాదమూ ఉంది. అందుకే విపరీతమైన పొట్టనొప్పిని ట్యూబు నొప్పిలే అని వదిలేయకండి. బాబు మగతగా ఉన్నా, చూపు తేడాగా ఉన్నా వెంటనే పిలవండి.

డల్లాస్ తెలుగు అమ్మ
మా వాడికి ఇక్కడ మలం పరీక్షలో ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా వచ్చింది. యాంటీబయాటిక్ ఇస్తే టాక్సిన్ ఇంకా ఎక్కువ విడుదల కావచ్చని ఇవ్వలేదు. విరేచనాలు ఆపే మందులూ వద్దన్నారు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఇలాంటి ఈ.కోలై వందల మందికి హెచ్‌యూఎస్ తెచ్చింది. అందుకే పిల్లలకి పచ్చి మొలకలు పెట్టొద్దని అందరికీ చెబుతుంటా.

డయాలసిస్ సిస్టర్, విశాఖ
అక్కా, మన దగ్గర షిగెల్లా అనే రక్త విరేచనాల బ్యాక్టీరియా వల్ల కూడా హెచ్‌యూఎస్ వస్తుంది. దానికి యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. పెరిటోనైటిస్‌కైతే సందేహమే లేదు. "హెచ్‌యూఎస్‌లో యాంటీబయాటిక్ వద్దట" అని ఇక్కడ చదివి ఎవరూ డాక్టర్లతో వాదించకండి, దయచేసి.

కరీంనగర్ రైతు
మా పాపకి విరేచనాలే లేవండి. జలుబు, జ్వరం, ఆ తర్వాత కోలా రంగులో యూరిన్. ఫాక్టర్ హెచ్ యాంటీబాడీ వల్ల వచ్చిన హెచ్‌యూఎస్ అని తేలింది, అంటే ఒంటిని కాపాడే ఫాక్టర్ హెచ్ అనే ప్రొటీన్‌ని ఒంట్లోని యాంటీబాడీలే అడ్డుకుంటాయట. మన దేశంలో పిల్లలకి ఇది ఎక్కువేనట. ప్లాస్మా మార్చారు, స్టెరాయిడ్ పెట్టారు. ఆ మందులతో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి న్యుమోనియా కూడా వచ్చింది. ఇప్పటికీ చిన్న జ్వరమొస్తే ప్లేట్‌లెట్లు, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరుగుతుంది), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయిస్తాం, ఎందుకంటే ఏ ఇన్ఫెక్షన్ అయినా జబ్బుని తిరగబెట్టొచ్చు. వానాకాలంలో డెంగ్యూ, మలేరియా పరీక్షలు కూడా. ఒకటి ఉంది కదా అని రెండోది రాదనుకోవద్దు.

చిన్నూ అమ్మ, ఖమ్మం
అందరికీ దండాలు. బ్యాగు కొంచెం మసకగానే ఉంది. చూపించగానే శాంపిల్ తీశారు, కణాలు ఎక్కువే ఉన్నాయట. డయాలసిస్ నీళ్లలోనే యాంటీబయాటిక్ కలిపి ఎక్కిస్తున్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కించరా అని మా మామగారు అడుగుతున్నారు.

డయాలసిస్ సిస్టర్, విశాఖ
రక్తస్రావం ఉంటేనో, ఏదైనా ప్రొసీజర్ ముందో తప్ప సాధారణంగా ఎక్కించరమ్మా. డెంగ్యూలా అంకె చూసి కంగారు పడొద్దని మామగారికి చెప్పండి. రేపు బ్యాగు తేటపడిందో లేదో ఇక్కడ రాయండి.