దొంగతనం, దొరతనం: తేడా ఒక్క అక్షరమే

"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర" అన్న సామెతలో దొర అన్న మాట ఉత్త ప్రాస కోసమే వచ్చిందా అని నిన్న ఒక తమ్ముడు అడిగాడు. చిన్న జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగు అయింది.

ప్రాస ఉంది. దొరకడం అనే క్రియకీ దొర అనే నామవాచకానికీ అర్థంలో చుట్టరికం కనిపించదు, చెవికి మాత్రం ఒకేలా వినిపిస్తాయి. కన్నడంలోనూ ఇంతే. దొరె అంటే రాజు, దొరెయితు అంటే దొరికింది. కానీ నాకు ప్రాస కంటే ముఖ్యంగా అనిపించేది దొరతనం అన్న మాట. పందొమ్మిదో శతాబ్దపు తెలుగులో దొరతనమువారు అంటే ప్రభుత్వం వారు. అర్జీలు దొరతనం వారికే రాసుకునేవారు. ఇప్పుడు దొరతనం పక్కన దొంగతనం రాసి చూడండి. మధ్యలో ఒక్క అక్షరమే మారింది. శిస్తు ఇచ్చుకునే రైతుకి ఆ అక్షరం ఎక్కడుంది? నన్నడిగితే రసీదులో ఉంది.

మా అమ్మమ్మది అనకాపల్లి వైపు పల్లె. ఆవిడ చెప్పిన కథలో ఒక మునసబు ఉండేవాడు. ఒకే పొలానికి రెండుసార్లు శిస్తు వసూలు చేసి, ఎవరికీ కాగితం ముక్క ఇచ్చేవాడు కాదు. ఒకరోజు సాయంత్రం కోటు, తలపాగాతో తహసీల్దారు దిగాడు, వెనకాల బిళ్ళబంట్రోతు. చావడిలో కుర్చీ వేయించుకుని, ఊరివాళ్లందర్నీ పిలిపించి, రసీదులు తెమ్మన్నాడు. ఒక్కరి దగ్గరా లేదు. అప్పుడు మునసబు వైపు తిరిగి అడిగిన మాట అమ్మమ్మ గొంతులోనే చెప్పాలి: "ఏటి మునసబూ, రసీదు ఇయ్యలేదేటి? రసీదు లేని శిస్తు దొంగసొమ్ము కాదేటి?" లాంతరు పెట్టించి, ఇంటింటికీ రసీదు రాయించి, కింద మునసబు చేత సంతకం పెట్టించాడు. తెల్లారేసరికి తహసీల్దారూ లేడు, బంట్రోతూ లేడు. వచ్చినవాడు పోలీసులు వెతుకుతున్న దొంగ అని తరవాత తెలిసింది. కానీ కాగితాల మీద సంతకం మాత్రం నిజం మునసబుది. పైకి పితూరీ చెయ్యాలంటే ఆ కాగితాలు చూపించాలి, చూపిస్తే తన గుట్టు బయటపడుతుంది. "ఆ రేతిరి దొర దొంగైపోనాడు, దొంగ దొరైపోనాడు" అని కథ ముగించేది అమ్మమ్మ.

ఇక్కడ పితూరీ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇప్పుడు పితూరీ అంటే చాడీ, పైవాళ్లకి చేసే ఫిర్యాదు. మన విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో వంద, నూట యాభై ఏళ్ల కిందట పితూరీ అంటే తిరుగుబాటు. రంప పితూరీ అని అందుకే అంటాం. ఇది మన భాషలో పుట్టిన మాట కాదు, అరబ్బీ నుంచి వచ్చింది. మరాఠీలో ఫితూర్ అంటే ఇప్పటికీ ఎదురు తిరిగినవాడు, సాక్ష్యం మార్చినవాడు. కొండమీద తిరుగుబాటుగా ఉన్న మాట ఇళ్లలోకి వచ్చేసరికి అన్నమీద చెల్లెలు అమ్మకి చెప్పే చాడీ అయిపోయింది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. పిల్లలకి రెండు అర్థాలూ కలిపి చెప్పాలి.

కథ పక్కన పెట్టి, జరిగినదానికి వస్తాను. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయించాడు. కొండవాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించి, చాలీచాలని కూలి ఇచ్చాడు. ఎదురు చెప్పిన గాం గంటం దొర మునసబు ఉద్యోగం పోయింది. ఆయన, తమ్ముడు మల్లు దొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి 11 తుపాకులు, 1390 తూటాలు పట్టుకెళ్లారు. వెళ్లేముందు రాజు అక్కడి పుస్తకంలో ఏమేం తీసుకెళ్తున్నదీ రాసి సంతకం చేశాడు. అంటే రసీదు ఇచ్చాడు. దొరతనం వారు దొంగ అని పిలిచిన మనిషి, దొరతనం వారు చెయ్యవలసిన పని చేశాడు. ఆ సంతకం నాకు ఆ తుపాకుల కంటే పెద్దది.

సాయంత్రం చేర్పు: అమ్మమ్మ కథలోలా అధికారి వేషంలో చేసే మోసానికి వేరే భాషల్లో పేరుందా అని ఒక అక్క అడిగారు. జర్మన్‌లో ఉంది. 1906లో బెర్లిన్ పక్కన కోపెనిక్ అనే ఊళ్లో విల్‌హెల్మ్ ఫోయ్‌గ్ట్ అనే చెప్పులు కుట్టేవాడు, జైలుకెళ్లొచ్చిన మనిషి, పాత కెప్టెన్ యూనిఫాం కొనుక్కుని వేసుకున్నాడు. దారిలో సిపాయిల్ని వెంటబెట్టుకుని మేయర్‌ని అరెస్టు చేయించి, ఖజానా డబ్బు పట్టుకెళ్లాడు. ఆ ఊరి పేరు మీద కోపెనికియాడ అన్న మాట పుట్టింది. ఆయనా డబ్బుకి రసీదు ఇచ్చాడు, కానీ సంతకం వేరేవాళ్ల పేరుతో. సీతారామరాజుది సొంత సంతకం. ఈ తేడా వల్లే మారువేషం అన్న మాట రాజుకి అతకదు. మా అమ్మమ్మ కథలో దొంగకి అతుకుతుంది.

ఇంకో ప్రశ్న, కొండమీద పేర్ల చివర ఉండే దొర ఇంగ్లీషు దొరల్ని చూసి పెట్టుకున్నదా అని. కాదు. కొండదొరలు అనే తెగే ఉంది. తెల్లవాళ్లు వచ్చి ఆ మాట తమకి తగిలించుకున్నారు గానీ, అది వాళ్లు తెచ్చింది కాదు. మల్లు దొరకి అండమాన్ శిక్ష పడింది. అదే మల్లు దొర 1952లో మన విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. సభ్యుల జాబితాలో ఆయన పేరు చివర దొర అలాగే ఉంది.