“ఎగుడుదిగుడు ఎపిసోడ్” అనొచ్చా?

అడిగినవారు (మలక్‌పేట): అందరికీ నమస్తే. ‘మిస్ మార్వెల్’ అయిదో ఎపిసోడ్ మీద మా ఫ్రెండ్స్ కోసం నాలుగు ముక్కలు రాస్తున్నా. 2022లో వచ్చిన సిరీస్, మొత్తం ఆరే ఎపిసోడ్లు. జెర్సీ సిటీలో ఉండే కమలా ఖాన్ అనే స్కూలు పిల్లకి, అమ్మమ్మ వాళ్ల అమ్మ కడియం చేతికి తొడుక్కోగానే శక్తులొస్తాయి. అయిదో దాంట్లో కథ 1942కి, అక్కణ్నుంచి దేశ విభజన నాటి రైల్వే స్టేషన్‌కి వెళ్తుంది. సగం అదిరిపోయింది, సగం అస్సలు కుదర్లేదు. దీన్ని ఒక్క మాటలో ఎట్లా చెప్పాలి? “ఎగుడుదిగుడు ఎపిసోడ్” అని రాస్తే మావాడు “రోడ్డు గురించి రాస్తున్నవా?” అని నవ్విండు.

మొదటి జవాబు: యావరేజ్ అని రాసేయండి బ్రదర్. అందరికీ అర్థమవుతుంది.

రెండో జవాబు (సికింద్రాబాద్): అర్థమవుతుంది గానీ తప్పు అర్థమవుతుంది. రెండు ఇన్నింగ్స్‌లోనూ యాభై కొట్టినవాడిదీ, ఒకదాంట్లో సెంచరీ కొట్టి రెండోదాంట్లో డకౌటైనవాడిదీ యావరేజ్ ఒకటే. చూసేవాడికి మాత్రం ఇద్దరూ ఒకటి కాదు. మన ‘అంతంతమాత్రం’, ఇక్కడివాళ్ల ‘గట్లగట్లనే ఉంది’ కూడా ఆ మొదటివాడికే సరిపోతాయి. మొత్తం చప్పగా సాగిందని చెప్పడానికవి. ఈ ఎపిసోడ్‌లో చప్పదనం ఎక్కడిది? కమలా అమ్మమ్మకి నాన్నగా, అమ్మగా వేసిన ఫవాద్ ఖాన్, మెహ్విష్ హయాత్ కలిసి ఉన్నంతసేపూ కన్ను పక్కకి తిరగదు. సూపర్ హీరో సిరీస్ చూస్తున్న సంగతే మర్చిపోతాం. స్టేషన్‌లో ఇసకేస్తే రాలనంత జనం, ఆ జనంలో తండ్రి చేయి జారిపోయిన చిన్నపిల్ల. ఆ పిల్లే కమలా అమ్మమ్మ. తప్పిపోయిన పిల్లని నక్షత్రాలు దారి చూపించి తండ్రి దగ్గరికి చేర్చాయని ఇంట్లో చెప్పుకునే కథ ఉంది కదా, దాని వెనక ఉన్నది కాలంలో వెనక్కి వెళ్లిన మనవరాలేనని తేలే చోటు నాకు బాగా నచ్చింది. తీరా ఇప్పటి కరాచీకి వచ్చేసరికి ఏమైంది? ఇన్ని ఎపిసోడ్లుగా ఆ కడియం కోసం కమలా వెంటపడ్డ విలన్ నజ్మా కాసేపట్లో మనసు మార్చుకోవడం, ప్రాణం వదలడం, ఆమె శక్తి కొడుక్కి పోవడం, అన్నీ గబగబా. బస్సు దొరకదేమో అన్నంత తొందర.

ఇక మాట సంగతి. ‘ఎగుడుదిగుడు’లో తప్పేమీ లేదు. ఎగువ, ఎగబాకడం, ఎగదోయడం ఒక వైపు. దిగువ, దిగుడు బావి ఇంకో వైపు (2022 డిసెంబరులో బాగుచేసి తెరిచిన బన్సీలాల్‌పేట మెట్లబావిని చూడనివాళ్లు చూసి రండి). కాకపోతే ఈ మాట కాలికి తగిలే వాటికి అలవాటుపడింది. నేల, గచ్చు, రోడ్డు. మీవాడు నవ్వింది అందుకే.

‘ఒడిదుడుకులు’ వాడితే ఇంకో చిక్కు. “ఎపిసోడ్ ఒడిదుడుకులకు లోనైంది” అంటే షూటింగ్‌లో గొడవలయ్యాయనో, నిర్మాతకి డబ్బు ఆగిందనో అనుకుంటారు. ‘ఆటుపోట్లు’ కూడా అంతే, పడినవాళ్ల కష్టం అందులో ఉంది. ‘హెచ్చుతగ్గులు’ ధరలకీ, జీతాలకీ. (ఒడిదుడుకులా, ఒడుదొడుకులా అనే పంచాయితీ మాత్రం ఇక్కడ మొదలుపెట్టకండి, దండం పెడతా.)

నా ఓటు ‘నిలకడ’కి. “నిలకడ లేని ఎపిసోడ్.”

మూడో జవాబు: నిలకడ మనిషికి గానీ ఎపిసోడ్‌కేంటండీ? ఆస్పత్రి బులెటిన్‌లో “ఆరోగ్యం నిలకడగా ఉంది” అన్నట్టుంది.

సికింద్రాబాద్: ఆరోగ్యానికి ఉన్నప్పుడు, క్రికెటర్ ఆటకి ఉన్నప్పుడు కథనానికి ఎందుకుండదమ్మా?

మూడో జవాబు: ఆటగాడి నిలకడ పది మ్యాచ్‌లు చూసి చెప్తాం. ఒక్క ఎపిసోడ్‌కి ఆ మాట అంటే సిరీస్ మొత్తాన్ని అన్నట్టు వినిపిస్తుంది. అసలు విశేషణం కోసం ఇంత వెతుకులాట ఎందుకు? మన ఇళ్లల్లో సినిమా చూసొచ్చి ఎవరైనా విశేషణం చెప్తారా? క్రియతోనే చెప్తారు. “కట్టిపడేసింది”, “చివర్లో తేలిపోయింది”, “పట్టు సడలింది”, “చుట్టేశాడు”. ఈ ఎపిసోడ్‌కి చివరిదే సరిగ్గా సరిపోతుంది, చుట్టేశారు.

సికింద్రాబాద్: ‘చుట్టేశారు’ బాగుంది. ‘తేలిపోయింది’కి మాత్రం ఒప్పుకోను. అది బరువులేని సీనుకి. ఇక్కడ బరువుంది, నిలబెట్టడానికి టైమివ్వలేదు. తల్లి పోయిందన్న బాధ కొడుకు మొహంలో కనబడేలోపే శక్తులు మొదలైపోయాయి.

అడిగినవారు: మీ ఇద్దరికీ థాంక్స్ సార్, మేడమ్. ఇట్లా రాసిన, చూడండి: “స్టేషన్ దాకా కట్టిపడేసి, కరాచీకి రాగానే చుట్టేశారు.” ఒక్క మాటలో రాలేదు గానీ, మావాడు ఈసారి నవ్వలేదు. “అయితే స్టేషన్ దాకా చూసి ఆపేస్తా” అన్నడు.

మూడో జవాబు: ఆపొద్దని చెప్పండి. కరాచీలో కమలా శక్తుల సంగతి వాళ్లమ్మకి తెలిసే సీను ఉంది, అది చుట్టేయలేదు.