అప్‌డేట్: డర్బన్ ‘నాయుడు’ గారి ఊరు తేలింది

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వలస వెళ్లిన మా పెద్దవాళ్ల ఊరు ‘నాయుడు’ అనే పేరుతో పట్టుకోవచ్చా అని ఇదివరకు అడిగాను. ఊరు తేలింది, ఆ పేరు వల్ల మాత్రం కాదు.

1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలను నటాల్‌కు తీసుకెళ్లిన ఓడల జాబితాల్లో మన ఇంటిపేరుకు గడే లేదు. కలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు), పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు లాంటివే ఉంటాయి. తర్వాతి తరాలకు తాత పేరో, కులం బిరుదో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. కాబట్టి ‘నాయుడు’ అని వెతికితే కుప్పలుగా వస్తాయి. ముందు ఆ నంబరు సంపాదించండి. డర్బన్ చుట్టాల దగ్గరున్న పాత పెళ్లి, మరణ పత్రాల మీద ఉండే అవకాశం ఎక్కువ.

అసలు తంటా ఊరి పేరుతోనే. గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాశాడు. ట, త ఒకటే, డ, ద ఒకటే, ఒత్తులు మాయం. పైకి చదివి, తాలూకాతో కలిపి చూడాలి. విజయనగరం వైపు కొత్తవలసలు ఒకటా రెండా!

హైదరాబాద్‌లో ఉన్నాం కదా అని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌తో (పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోటు) మొదలుపెట్టకండి. అక్కడి బలం నిజాం కాగితాలు. విశాఖ, గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, కాబట్టి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగాలి.

ఇంటిపేరు, గోత్రం పనికొచ్చేది ఊరు చేరాకే. ఇక అక్కడి పెద్దలను కలవడమే మిగిలింది.