మేకుల నేలలో తూటాలు: ఈక్వినాక్స్‌కి చిన్న కాయిల్ చాలా, డ్యూస్ 2 కొనాలా?

వర్జీనియాలోని కల్పెపర్ కౌంటీలో, యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో పాత తూటాల కోసం వెతుకుతున్నాను. అమెరికా అంతర్యుద్ధంలో, 1863-64 చలికాలంలో యూనియన్ (ఉత్తరాది) సైన్యం మకాం వేసిన ప్రాంతం. చిక్కంతా పాత ఇల్లు కూలిన చోటే. ఎర్రమట్టి, గుప్పెడు తీస్తే రెండు తుప్పు మేకులు.

నా దగ్గరున్న డిటెక్టర్ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, 11 అంగుళాల కాయిల్ (నేల మీద ఊపే గుండ్రటి పళ్ళెం). అందులోని పార్క్ 1, ఫీల్డ్ 2 మోడ్‌లు రెండూ చూశాను. సెన్సిటివిటీ 22 నుంచి 17కి తగ్గించాను. రికవరీ స్పీడ్ (ఒక లోహం నుంచి పక్కదానికి ఎంత త్వరగా స్పందిస్తుందో) 7, ఐరన్ బయాస్ (సిగ్నల్‌ను ఇనుముగా లెక్కగట్టే మొగ్గు) 0. గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఖనిజాలకు తగ్గట్టు సర్దుబాటు) చేశాకే మొదలుపెడుతున్నాను. ఐరన్ బయాస్ పెంచితే గోల తగ్గుతుంది గానీ, మంచి సిగ్నల్ కూడా దాంతోపాటే పోతోంది.

చివరికి ఒక సీసపు మినియే తూటాను (ఆ యుద్ధంలో వాడిన రకం) 4 అంగుళాల లోతున పాతి, రెండంగుళాల దూరంలో మేకు పెట్టి చూశాను. ఒక దిక్కున ఊపితే సన్నగా ఒక్క 'టిక్'. 90 డిగ్రీలు తిరిగి ఊపితే మేకు గుర్రుమనడమే. నేను పాతిన దానికే ఇలా ఉంటే, 160 ఏళ్లుగా మట్టిలో ఉన్నవాటి సంగతి చెప్పాలా!

6 అంగుళాల కాయిల్ అయితే ఖర్చు తక్కువ, కానీ లోతు తగ్గుతుంది. ఎక్స్‌పీ డ్యూస్ 2 అనే వేరే డిటెక్టర్ కొనాలంటే జేబుకి చిల్లే.

ఇలాంటి మేకుల నేలలో రెండూ వాడినవారు చెప్పండి: మేకు పక్కనున్న తూటాను పట్టడంలో, 6 అంగుళాల కాయిల్ పెట్టిన ఈక్వినాక్స్ కంటే 9 అంగుళాల కాయిల్ డ్యూస్ 2 నిజంగా మెరుగా?