ఈనమ్‌లు, బిట్ ఫ్లాగ్‌లు: పాత పూర్ణాంకాల నుంచి మారడం ఎలా?

పాతకోడ్: పైథాన్ ప్రాజెక్టులో ఆర్డర్ స్థితి, యూజర్ అనుమతులు రెండూ ఉత్త పూర్ణాంకాలుగా ఉన్నాయి. డేటాబేస్‌లో ఉన్నవీ, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ చదివేవీ అవే అంకెలు. ఈనమ్ మాడ్యూల్‌కి (అంకెలకి పేర్లు పెట్టే పైథాన్ సాధనం) మార్చాలి. అనుమతులకి ఫ్లాగ్ మంచిదా, ఇంట్‌ఫ్లాగా (పూర్ణాంకంలా కూడా పనిచేసే ఫ్లాగ్)?

సున్నా_ఒకటి: ముందు రెండిటినీ విడదీయండి. ఒకసారికి ఒకే విలువ ఉండేది ఈనమ్, కలిసి ఉండగలిగేవి ఫ్లాగ్, అందులో ఒక్కో పేరుకి ఒక్కో బిట్. ఏది వాడినా, విలువలు తనంతట తానే ఇచ్చే ఆటో జోలికి మాత్రం పోకండి. ఫ్లాగ్‌లో అది 1, 2, 4, 8 అని వరసగా ఇస్తుంది. మధ్యలో ఎవరైనా కొత్త పేరు చేరిస్తే కిందివన్నీ ఒక్కో బిట్ జరుగుతాయి. డేటాబేస్‌లో నిన్నటిదాకా ‘తొలగించు’ అయిన 4 ఇవాళ ఇంకేదో అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. విలువలు చేత్తోనే రాయండి (<< బిట్‌ని ఎడమకి జరుపుతుంది, | బిట్లని కలుపుతుంది):

చదువు = 1 << 0
రాయి = 1 << 1
తొలగించు = 1 << 2
పూర్తి = చదువు | రాయి | తొలగించు

వాడుకలోంచి తీసేసిన బిట్‌ని ఖాళీగా వదిలేయాలి, వేరే పనికి ఇవ్వకూడదు.

మాస్క్‌మేన్: స్థితి విషయంలో ఒక మెలిక ఉంది. మామూలు ఈనమ్ సభ్యుణ్ణి (అందులోని ఒక పేరుని) 2తో పోలిస్తే ఎప్పుడూ ఫాల్సే, పాత పోలికలన్నీ చప్పుడు లేకుండా చచ్చిపోతాయి. పైగా విలువ 0 అయినా ఆ సభ్యుడు ట్రూగానే లెక్క. అందుకని మార్పు పూర్తయ్యేదాకా ఇంట్‌ఈనమ్ (అంకెతో పోలిస్తే సరిపోయే ఈనమ్) పెట్టి, పోలికలన్నీ పేర్లకి మార్చాక ఈనమ్‌కి వెళ్లండి. ఒకే విలువ రెండు పేర్లకి ఉంటే ఎర్రర్ ఇచ్చే యునీక్ డెకరేటర్ తప్పనిసరి. అది లేకపోతే ఒకే విలువ ఉన్న రెండో పేరు మారుపేరుగా మిగిలిపోతుంది, లూప్‌లో కనబడదు.

పాతకోడ్: మరి అనుమతులకి?

సున్నా_ఒకటి: నా ఓటు ఫ్లాగ్‌కే. తెలియని బిట్ వస్తే వాల్యూఎర్రర్ ఇస్తుంది, చెత్త డేటా గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఇంట్‌ఫ్లాగ్ ఏ బిట్‌నైనా అట్టే పెట్టుకుంటుంది. జేసన్‌కి (బ్రౌజర్‌కి డేటా పంపే టెక్స్ట్ రూపం) ఫ్లాగ్ నేరుగా వెళ్లదు, టైప్‌ఎర్రర్ వస్తుంది. బయటికి పంపేటప్పుడు దాని వాల్యూ తీసి పంపండి.

మాస్క్‌మేన్: పాత, కొత్త సర్వర్లు కొంతసేపు పక్కపక్కన నడిచే చోట ఆ వాల్యూఎర్రరే కొంప ముంచుతుంది. కొత్త సర్వర్ రాసిన బిట్ పాతదానికి తెలియదు కదా. పైథాన్ 3.11 నుంచి ఫ్లాగ్‌కి బౌండరీ (తెలియని బిట్లని ఏం చేయాలో చెప్పే అమరిక) ఇవ్వొచ్చు. అక్కడ కీప్ పెడితే తెలియని బిట్లు అలాగే ఉంటాయి. ఇంట్‌ఫ్లాగ్ ఎంచుకుంటే ఇంకోటి: 3.11 నుంచి ప్రింట్‌లో పేరు బదులు అంకె వస్తుంది, లాగ్‌లలో పేర్లు వెతికే స్క్రిప్టులు ఉంటే చూసుకోండి.

ముప్పైరెండు: జావాస్క్రిప్ట్ వైపు సంగతి. అక్కడ === కి (పోలిక) & (రెండిటిలోనూ ఉన్న బిట్లే మిగిల్చేది) కన్నా ప్రాధాన్యం ఎక్కువ. బ్రాకెట్లు లేకుండా

అనుమతులు & పూర్తి === పూర్తి

అని రాస్తే ముందు పోలిక జరిగి ట్రూ వస్తుంది, అది 1గా మారి చివరికి ‘చదువు’ బిట్ ఒక్కటే పరీక్షకి వస్తుంది. పైథాన్‌లో == తో ఇదే వరస సరిగ్గానే పనిచేస్తుంది కాబట్టి కాపీ చేసినప్పుడు దొరకదు. (అనుమతులు & పూర్తి) === పూర్తి అని రాయాలి. మాస్క్ (ఇక్కడ ‘పూర్తి’ ఉన్న చోట పెట్టే విలువ) 0 అయితే ఈ పరీక్ష ఎప్పుడూ నెగ్గుతుంది, దాన్ని విడిగా ఆపండి.

బిట్ ఆపరేషన్లు 32 బిట్లకే. 1 << 31 ఇస్తే -2147483648, 1 << 32 ఇస్తే మళ్ళీ 1. అంతకు మించితే బిగ్‌ఇంట్ (ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే రకం) కావాలి, అదీ జేసన్‌లోకి నేరుగా వెళ్లదు, స్ట్రింగ్‌గా పంపాలి.

పాతకోడ్: మావి తొమ్మిది బిట్లే. అయితే ఫ్లాగ్, బౌండరీ కీప్, చేత్తో రాసిన విలువలు.

మాస్క్‌మేన్: ‘తొలగించు అనుమతి ఉన్నవాళ్లంతా ఎవరు’ లాంటి వెతుకులాట తరచూ ఉంటే ఆగండి. కాలమ్ మీద & వేస్తే మామూలు ఇండెక్స్ (వెతుకులాటని వేగం చేసే సూచిక) పనికిరాదు, పట్టిక మొత్తం చదవాలి. అప్పుడు యూజర్‌కి, అనుమతికి ఒక్కో వరస ఉండే విడి పట్టికే నయం.