ఇటాలియన్‌లో ట్రైనింగ్‌కి రమ్మని పిలవడం ఎలా? ఒక్క వాక్యం చెప్పండి

తొరీనో బుల్లోడు:
పొద్దున్నించీ ఇదే పని. ట్రైనింగ్‌కి రమ్మని ఇటాలియన్‌లో ఒక మెయిల్ పెట్టాలి, అంతే. ఫోన్‌లో అనువాదం చేసి పంపితే ఒకాయన "బూట్లు తెచ్చుకోవాలా?" అని జవాబిచ్చాడు. పక్క సీటు ఆవిడ నవ్వాపుకోలేక కాఫీ మెషిన్ దగ్గరికి వెళ్లిపోయింది. తప్పేంటో ఎవరూ చెప్పరు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా సాయం చేయండి.

గోదారి గట్టు:
ఏం రాశావో పెట్టకుండా తప్పేంటో ఎలా చెప్తాం?

అచ్చుల మేష్టారు:
కంగారు పడకు బాబూ. ఇటాలియన్‌లో కూడా మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. వెనిస్ వర్తకుడు నికొలో దె కోంతి 15వ శతాబ్దంలోనే మన భాషని తూర్పు దేశపు ఇటాలియన్ అన్నాడని చెప్పుకుంటారు. ఒత్తులతోనే జాగ్రత్త. 'అన్నో' అంటే సంవత్సరం. ఒత్తు మింగేసి 'అనో' అన్నావో, పైకి చెప్పుకోలేని చోటు. వయసు చెప్పేటప్పుడు మనవాళ్లు అక్కడే దొరికిపోతారు.

గోదారి గట్టు:
మేష్టారూ, అతనడిగింది మెయిల్ గురించి.

అచ్చుల మేష్టారు:
రాతలోనూ రెండు 'ఎన్'లు ఉండాలిగా!

తొరీనో బుల్లోడు:
'అల్లెనమెంతో'కి రండి అని రాశా. కొత్తగా చేరిన ఆరుగురికి. ఫ్యాక్టరీ సేఫ్టీ ట్రైనింగ్ అని చెప్పాగా?

మిలానో అక్క:
చెప్పలేదు తమ్ముడూ. అల్లెనమెంతో అంటే ఫుట్‌బాల్ ప్రాక్టీసు లాంటిది, అందుకే బూట్లు! ఉద్యోగంలో ఇచ్చేది 'ఫోర్మత్సియోనె'. పొరపాటున 'ఎదుకత్సియోనె' అని రాసేవు, వాళ్లకి మర్యాద నేర్పిస్తానన్నట్టు ఉంటుంది. ఆరుగురికీ కలిపి అయితే "సియేతె ఇన్వితాతి ఆ పార్తెచిపారె ఆల్ కోర్సో ది ఫోర్మత్సియోనె", అంటే ట్రైనింగ్ కోర్సుకి మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాం అని. చివర్లో "వి ప్రెగ్యామో ది కొన్ఫెర్మారె ఎంత్రో వెనెర్ది", అంటే శుక్రవారంలోగా వస్తున్నదీ లేనిదీ చెప్పమని. ఒక్కరికే అయితే "లా ఇన్విత్యామో". ఆ 'లా' మన 'మిమ్మల్ని' అన్నమాట. 'మీరు' అనడానికి మర్యాదకి వాడే 'లేయి' నుంచి వచ్చింది. ఆ 'లేయి'కి మామూలు అర్థం 'ఆమె', మీసాలున్న పెద్దాయనకైనా అదే. నాకు అలవాటయ్యేసరికి ఏడాది పట్టింది.

పాత ఫిట్టర్:
సేఫ్టీకి 'ఇన్వితాతి' ఏంటమ్మా, పెళ్లి పిలుపా? ఇక్కడి పని భద్రత చట్టం, అదే 2008 నాటి 81వ డిక్రీ ప్రకారం యజమాని ఇప్పించాలి, వర్కరు హాజరవ్వాలి. అదీ పని గంటల్లోనే, వర్కరు జేబులోంచి పైసా పోకూడదు. జనరల్ భాగం 4 గంటలు, ఆపైన రిస్కును బట్టి 4, 8, 12. "లా పార్తెచిపత్సియోనె ఎ ఒబ్బ్లిగతోరియా" అని రాయాలి, హాజరు తప్పనిసరి అని. మెషిన్ మీద చేయించి నేర్పేదైతే అది ఫోర్మత్సియోనె కూడా కాదు, 'అద్దెస్త్రమెంతో'.

మిలానో అక్క:
ఆ మాట వింటే నాకు కుక్కలకి నేర్పించడమే గుర్తొస్తుంది.

పాత ఫిట్టర్:
కుక్కకీ అదే మాట, క్రేన్‌కీ అదే మాట. డిక్రీ రెండో ఆర్టికల్ చూడు, ఫోర్మత్సియోనెకీ, అద్దెస్త్రమెంతోకీ వేరే వేరే నిర్వచనాలున్నాయి.

అచ్చుల మేష్టారు:
'అద్దె' అనగానే ఇల్లు ఖాళీ చేయమంటున్నారేమో అనుకున్నా.

తొరీనో బుల్లోడు:
అక్క చెప్పిందే పెట్టి పంపేశా. ఇద్దరు సరేనన్నారు. థాంక్స్. సేఫ్టీ బూట్లు మాత్రం నిజంగానే తెచ్చుకోవాలట.

పాత ఫిట్టర్:
ఒబ్బ్లిగతోరియా పెట్టావా, లేదా?