సమస్య: "నిండు మధ్యాహ్నమందు వెన్నెలలు గాసె"

పృచ్ఛకుడు: ఈ పాదం చివర వచ్చేలా తేటగీతి పద్యం చెప్పండి. సందర్భం 1930ల హాలీవుడ్ 'పావర్టీ రో' (చవక చిత్రాల చిన్న కంపెనీల) కౌబాయ్ చిత్రాలు. మోనోగ్రామ్ లాంటి చిన్న కంపెనీలు, చేతిలో కాసిని డబ్బులు, మంద పోగొట్టుకుని పైగా తానే దొంగనన్న నింద మోసే పశువుల ఆసామి. ప్రాసయతికి (యతి అక్షరాల బదులు వాటి పక్క అక్షరాలు కలవడం) అడ్డులేదు.

రీలుడబ్బా:
ఎఱ్ఱ గాజును కెమెరాకు నెదుటఁ బెట్టి
నీలి నింగియే నల్లనై నిలువఁ, దెరను
మంద వెదకెడి నాయకుం డందుఁ దోఁచ
నిండు మధ్యాహ్నమందు వెన్నెలలు గాసె.

యతిప్రియ: 'తెరను' అన్నాక మళ్ళీ 'అందు' ఎందుకండీ? గణం నింపడానికి తెచ్చిన మాట. 'మంద వెదకెడు కాఁపరి ముందు నడువ' అంటే ప్రాసయతీ నిలుస్తుంది, మనిషీ కదులుతాడు.

కెమెరాకన్ను: పగలు తీసి రాత్రిగా చూపడానికి ఎర్ర గాజు ఒక్కటే చాలదు. ముదురెరుపు 25 నంబరు ఫిల్టరు 3 స్టాపుల వెలుగు (స్టాపుకు సగం చొప్పున) తినేస్తుంది. అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) తెరిచి ఆ మూడూ పూడ్చేస్తే ఆకాశం నల్లబడుతుంది గాని నేల పట్టపగల్లానే ఉంటుంది. అందుకే ఒకటిన్నరో రెండో స్టాపులు తక్కువగా తెరవాలి. ఫిల్ము పాంక్రోమాటిక్ (అన్ని రంగుల వెలుగునూ పట్టే నలుపు తెలుపు ఫిల్ము) కావాలి. ఆర్థోక్రోమాటిక్‌కు ఎరుపు కనబడదు, ఆ గాజు పెడితే బొమ్మే పడదు. మబ్బుతునక ఉందంటే తెల్లగా మెరిసి గుట్టు రట్టు. ముఖాలు సున్నం కొట్టినట్టు పాలిపోతాయి. అసలు చిక్కు సమస్యలోనే ఉంది: నడినెత్తిన ఎండలో టోపీ అంచు నీడ ముఖాన్ని మింగేస్తుంది. సూర్యుడు వాలి, నటుడి వెనకనుంచి వెలుగు పడితేనే వెన్నెల అనిపిస్తుంది.

పృచ్ఛకుడు: ఒప్పుకున్నా. సాయంత్రం అంటే ఇక సమస్య ఎక్కడుంది?

గండపెండేరం:
వాత మార్చిన దొంగలు పట్టుపడఁగఁ
దోలు లోపలి వైపునఁ దొల్లి వాత
చూపి నిర్దోషియౌ రైతు చూడ్కులందు
నిండు మధ్యాహ్నమందు వెన్నెలలు గాసె.

యతిప్రియ: ముగింపు చాలా బాగుంది. 'రైతు' అంటే మాత్రం పంటచేను గుర్తొస్తోంది.

గండపెండేరం: పాడిరైతు అనడం లేదా?

కెమెరాకన్ను: విషయం సరైనదే. దొంగలు కొన వంచిన ఇనుప కడ్డీ కాల్చి పాత వాతకు (పశువు ఒంటిమీద కాల్చి వేసిన యజమాని గుర్తుకు) గీతలు కలుపుతారు; 'సి' కాస్తా 'ఓ' అయిపోతుంది. పైనుంచి చూస్తే వెంట్రుకలూ మచ్చా కలిసి మోసం చేస్తాయి. తోలు ఒలిచి మాంసం వైపు చూస్తే పాతదీ కొత్తదీ విడివిడిగా తెలుస్తాయి. అంటే పశువును కోయాలి. పద్యంలో ఆ మాట లేదు. పైగా దొంగలు ముందు పట్టుబడి, రుజువు తరవాత వచ్చింది. వరస తిరగబడింది.

కొత్తశిష్యుడు:
అయిదు రీళ్ళలోఁ గథ ముగియంగ వలయు
రాత్రి లైట్లకు ఖర్చెట్లు రాలు నయ్య
పగలె తీసి రేయి యనుచుఁ జూప జనులకు
నిండు మధ్యాహ్నమందు వెన్నెలలు గాసె.

యతిప్రియ: మూడో పాదం జారింది నాయనా. 'జనులకు' నాలుగు లఘువులు, సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు–లఘువు) అక్కడ ఒప్పుకోదు. ప–జూ యతి కూడా లేదు. 'పగటి దృశ్యమే రాత్రిగాఁ బరఁగుచుండ' అని చూడు.

కెమెరాకన్ను: మొదటి పాదం లెక్క భేష్. రీలు 1000 అడుగులు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు పోతాయి. రీలుకు 11 నిమిషాలు, అయిదింటికి 55. రాత్రి బయట తీయాలంటే ఆర్క్ దీపాలు, జనరేటరు, వాటికి మనుషులు. అంత డబ్బు ఈ కంపెనీలకు ఎక్కడిది!

కొత్తశిష్యుడు: సవరించానండీ. 'ఖర్చెట్లు' ఉంచవచ్చా?

యతిప్రియ: ఉంచు. ఖర్చు + ఎట్లు, ఉత్వసంధి.